సినిమా చూసి కొండెక్కితే

2025లో ఆగస్టు 15 శుక్రవారం, మర్నాడు కృష్ణాష్టమి, ఆ మర్నాడు ఆదివారం. మూడు రోజులు కలిసొచ్చాయి కదా అని మేలోనే ఆదివారానికి తిరుమలలో మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు పట్టేశాం. ఇదే ఆలోచన అందరికీ వస్తుందని మాత్రం తట్టలేదు. విజయవాడ నుంచి వెళ్లి తిరుపతిలో రైలు దిగితే ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టే సందు లేదు, స్టేషన్ ఎదురుగా విష్ణునివాసంలో గది అడగడానికే పెద్ద లైను.

మేం ముందే ఒక ప్రైవేటు హోటల్ బుక్ చేసుకున్నాం. ఫోటోలో కిటికీ తెరిస్తే కొండ కనిపించింది. ఇక్కడ తెరిస్తే పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకు. వేడినీళ్లు ఏడింటి దాకానే అట, ఆ మాట డబ్బులు కట్టాక చెప్పారు. గది శుభ్రంగానే ఉంది, కాదనను, కానీ రోజుకి మూడు వేల పైన పెట్టి అత్తయ్య చన్నీళ్లు పోసుకోవాల్సి వచ్చింది. ఈసారి కొండమీద ఆ యాభై, వంద రూపాయల గదుల కోసమే ముందునుంచి కాచుకుని కూర్చుంటా.

శుక్రవారం సాయంత్రం ఖాళీ కాబట్టి సినిమాకి పోదామన్నారు. ముందు రోజే కూలీ, వార్ 2 రెండూ దిగాయి, ఊరంతా అవే పోస్టర్లు. మా ఆయనకి రజనీ అంటే ప్రాణం. కానీ కూలీకి ఎ సర్టిఫికెట్, మా తొమ్మిదేళ్ల వాణ్ని లోపలికి రానివ్వరు. "నాకు ఆ కొట్టుకునేవి వద్దమ్మా" అని అత్తయ్య. అలా మిగిలింది మహావతార్ నరసింహ, అదీ ఒక పాత థియేటర్లో. ఏసీ అంతంతమాత్రం, నా కుర్చీ వెనక్కి వాలితే మళ్లీ లేవదు. ఇంటర్వెల్లో సమోసాలు మాత్రం వేడివేడిగా, ఐదుగురం తిన్నా మా ఊరి మల్టీప్లెక్సులో ఒక పాప్‌కార్న్ డబ్బా ఖర్చు కాలేదు.

బొమ్మల సినిమా కదా, పిల్లలకే అనుకుని కూర్చున్నా. మాటలాడే సీన్లలో మొహాలు కొండపల్లి బొమ్మల్లా బిగుసుకుని ఉన్నాయి, పాటలు కొన్ని తీసేసినా నష్టం లేదు. కానీ వరాహస్వామి హిరణ్యాక్షుడితో తలపడే చోట మావాడు కుర్చీ అంచు మీదికొచ్చేశాడు. స్తంభం బద్దలయ్యే ముందు అత్తయ్య చీకట్లోనే పద్యం ఎత్తుకున్నారు, ముందు వరసలో ఎవరో చెప్పులు విప్పి దండం పెట్టారు. ఆఖర్లో రక్తం ఎక్కువే, వెనకాల ఒక చిన్నపిల్ల ఏడుపు లంకించుకుంది, ఐదారేళ్ల పిల్లలున్నవాళ్లు ఆలోచించుకోండి. కొట్టుకునేవి వద్దన్న అత్తయ్య మాత్రం కన్నార్పలేదు. నాకైతే సంక్రాంతికి వస్తున్నాం సినిమా కన్నా ఇదే నయం. అది చూసి మేమంతా నవ్వామే గానీ, అందులో బుల్లిరాజు అనే పిల్లాడి బూతులు మావాడి నోట్లోంచి పోవడానికి రెండు నెలలు పట్టింది.

శనివారం కపిలతీర్థం, గోవిందరాజస్వామి గుడి, రెండూ జనమే జనం. ఆదివారం తెల్లారకముందే మా ఆయన, అమ్మాయి అలిపిరి మెట్ల దారిన బయల్దేరారు, 3,550 మెట్లు. మేం ముగ్గురం బస్సులో. ఘాట్ రోడ్డు మలుపులకి అత్తయ్య కళ్లు మూసుకున్నారు గానీ బస్సు కుదుపు లేకుండా బాగానే నడిచింది, సీట్లూ దొరికాయి. దారిలో ఉన్న నరసింహస్వామి గుడి ఫోటో అమ్మాయి పంపించేసరికి "నన్నెందుకు నడిపించలేదు" అని వీడు బస్సులోనే గోల.

కొండమీద ముందు వరాహస్వామిని చూసి తర్వాతే వెంకన్న దగ్గరికి వెళ్లాలని పద్ధతి. నేను ఎన్నిసార్లు వచ్చినా టైము లేదని దాటేసేదాన్ని. ఈసారి వీడు వింటేనా! పుష్కరిణి పక్కన లైన్లో నిలబెట్టాడు, ముందున్న ముసలాయనకి హిరణ్యాక్షుడి కథంతా చేతులూపుతూ చెప్పాడు. "మా మనవడికి కూడా చూపిస్తా" అని ఆయన సినిమా పేరు రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు.

మూడు వందల లైను వేగం అనుకున్నాం, మూడున్నర గంటలు పట్టింది. స్వామి ముందు ఉన్నది రెప్పపాటు. వెంగమాంబ అన్నప్రసాదంలో మాత్రం ఏ లోటూ లేదు, 2025 మార్చి నుంచి వడ కూడా వేస్తున్నారు, అంతమంది తింటున్నా ఆకులు ఎప్పటికప్పుడు తీసేస్తూ నేల తుడుస్తూనే ఉన్నారు. మేం డబ్బులు కట్టిన హోటల్ వాళ్లు ఒకసారి వచ్చి చూడాలి.

ఇంటికొచ్చిన మర్నాడు మా ఆయన ఒక్కరే వెళ్లి కూలీ చూసొచ్చారు. ఎలా ఉందని అడిగితే, పిక్కల నొప్పితో సగం సినిమా కాళ్లు నొక్కుకోవడమే సరిపోయిందన్నారు.