పదివేల వెబ్‌సైట్ ప్యాకేజీ తీసుకోవచ్చా? మూడేళ్ల లెక్కతో సమీక్ష

హన్మకొండ చౌరస్తా, నయీంనగర్, వరంగల్ స్టేషన్ రోడ్డు వైపు చిన్న వ్యాపారులకు వెబ్ డిజైనర్లు ఇచ్చే కొటేషన్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. 9,999 రూపాయలకు అయిదు పేజీల సైటు, ఏడాది డొమైన్ (సైటు పేరు), ఏడాది హోస్టింగ్ (సైటును ఉంచే సర్వర్ చోటు), ఎస్‌ఎస్‌ఎల్ (సైటు భద్రతా సర్టిఫికెట్), వాట్సాప్ బటన్, 'అన్‌లిమిటెడ్' ఈమెయిల్. కింద చిన్న అక్షరాల్లో, రెండో ఏడాది నుంచి రెన్యూవల్ 6,500, జీఎస్టీ అదనం. ఏ ఒక్క సంస్థనో కాకుండా ఈ తరహా ప్యాకేజీనే ఇక్కడ విప్పి చూస్తున్నాం. అంకెలు ఒక కొటేషన్‌కీ మరో కొటేషన్‌కీ అటూ ఇటూ అవుతాయి, లెక్క కట్టే పద్ధతి మాత్రం మారదు.

మొదటి ఏడాది ధర గురించి బేరమాడటంలో పెద్దగా అర్థం లేదు. వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్) మీద అయిదు పేజీల సైటు పద్ధతిగా కట్టాలంటే మూడు నాలుగు రోజుల పని ఉంటుంది, దానికి పదివేలు న్యాయమైన ధరే. చూడాల్సింది రెండో ఏడాది, మూడో ఏడాది. 9,999కి 18 శాతం జీఎస్టీ కలిపితే 11,799. రెన్యూవల్ 6,500కి పన్ను కలిపితే 7,670, రెండేళ్లకు 15,340. మొత్తం మూడేళ్లకు 27,139 రూపాయలు. కొటేషన్ మీద పెద్దగా అచ్చేసిన అంకెకు ఇది దాదాపు మూడింతలు. బడ్జెట్ పుస్తకంలో రాసుకోవాల్సిన అంకె ఇదే.

ఈ రెన్యూవల్ 6,500లో ఏముందో అడగాలి. డాట్ ఇన్ డొమైన్ ఏడాదికి పన్నుతో సుమారు వెయ్యి, డాట్ కామ్ పదమూడు పదిహేను వందల దరిదాపుల్లో ఉంటుంది. ఎస్‌ఎస్‌ఎల్‌కు ఖర్చు లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ ఉచితం, గడువు 90 రోజులు, హోస్టింగ్ ప్యానెల్ దానంతట అదే పొడిగిస్తుంది. దానికి ఏటా రెండు వేలు విడిగా రాశారంటే ఆ గీతను కొట్టేయమనండి. మిగిలింది హోస్టింగ్. చాలామంది డిజైనర్లు ఒక రీసెల్లర్ ఖాతా కొని, అందులోనే పదుల సైట్లు పెడతారు. కాబట్టి ఒక్కో సైటుకు వాళ్లకు పడే ఖర్చు తక్కువే. ఇందులో తప్పేమీ లేదు. కానీ అప్పుడు మీరు ఇచ్చే పైసలు సర్వర్‌కు కాదు, పనికి. ఆ పని ఏమిటో కాగితం మీద ఉండాలి: నెలకోసారి వర్డ్‌ప్రెస్, ప్లగిన్ల (దానికి తగిలించే అదనపు ప్రోగ్రాముల) అప్‌డేట్, వారానికోసారి బ్యాకప్, ఎంక్వయిరీ ఫారం పనిచేస్తున్నదో లేదో పరీక్ష, ఏడాదికి ఇన్ని గంటల మార్పులు చేర్పులు. ఇవన్నీ నిజంగా చేసేవాళ్లకు 6,500 తక్కువే. 'సర్వర్ ఛార్జీలు సార్' అన్న ఒక్క మాటే జవాబైతే మాత్రం ఎక్కువ.

సొంతంగా హోస్టింగ్ కొనుక్కుందామనుకునే వాళ్లకూ ఒక హెచ్చరిక. ప్రకటనలో కనిపించే నెలకు నూటయాభై రూపాయల ధర సాధారణంగా మూడు నాలుగేళ్ల సొమ్ము ఒకేసారి కడితేనే వస్తుంది. ఆ గడువు ముగిశాక రెన్యూవల్ రెండు మూడింతలు అవుతుంది. కొనే ముందు రెన్యూవల్ రేటు ఎక్కడ రాశారో వెతికి, దాన్ని పన్నెండుతో గుణించి, జీఎస్టీ కలిపి రాసుకోండి.

డొమైన్ ఎవరి పేరిట ఉందన్నది డబ్బు కంటే పెద్ద సంగతి. ఈ ప్యాకేజీల్లో బలహీనమైన చోటు ఇదే. డిజైనర్ తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో డొమైన్ కొంటాడు. ఆయన ఊరు మారినా, వ్యాపారం మానేసినా, ఫోన్ ఎత్తకపోయినా రెన్యూవల్ నోటీసులు మీదాకా రావు. డాట్ కామ్ గడువు దాటాక రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) సాధారణంగా కొన్ని వారాలు మామూలు ధరకే రెన్యూవల్ ఇస్తాడు. ఆ తరువాత 30 రోజుల రిడెంప్షన్ దశ. అందులో వెనక్కు తెచ్చుకోవాలంటే మామూలు ధరకు ఎన్నో రెట్లు కట్టాలి. ఆ పైన అయిదు రోజులు ఆగి పేరు బజారుకు వస్తుంది, ఎవరైనా కొనేసుకోవచ్చు. షాపు బోర్డు మీద, బిల్లు బుక్కుల మీద, కవర్ల మీద అచ్చేయించిన పేరు అలా పోతే అసలు నష్టం అప్పుడు తెలుస్తుంది. అందుకని డొమైన్ మీ జీమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో, మీ కార్డుతో మీరే కొనండి. పావుగంట పని. నేమ్‌సర్వర్లు (డొమైన్‌ను హోస్టింగ్‌కు కలిపే సెట్టింగు) మార్చుకోవడానికి డిజైనర్‌కు ఆ ఒక్క పూట పక్కన కూర్చోబెట్టుకుని అవకాశమిస్తే చాలు. ఇప్పటికే ఆయన దగ్గర ఉండిపోయి ఉంటే ట్రాన్స్‌ఫర్ కోడ్ అడిగి మీ ఖాతాకు తెచ్చుకోండి. కొత్తగా కొన్న డాట్ కామ్ అయితే మొదటి 60 రోజులు రిజిస్ట్రార్ మారడం కుదరదు, తరువాత కుదురుతుంది.

రెండో ప్రమాదం థీమ్, అంటే సైటు రూపురేఖల అచ్చు. ఏటా డబ్బు కట్టాల్సిన ప్రీమియం థీమ్‌ను, పేజ్ బిల్డర్‌ను (పేజీలు పేర్చే ప్లగిన్‌ను) కొందరు 'నల్డ్' కాపీలు తెచ్చి వేస్తారు. అంటే లైసెన్స్ తాళం తీసేసిన దొంగ కాపీ. దానికి అప్‌డేట్లు రావు, చాలాసార్లు లోపల ఎవరో పెట్టిన దొడ్డిదారి కూడా ఉంటుంది. కొన్ని నెలలకు గూగుల్‌లో మీ సైటు పేరు కొడితే జపాన్ భాషలో బ్రాండెడ్ బూట్ల ప్రకటనలు, మందుల ప్రకటనలు వస్తాయి. శుభ్రం చేయించే ఖర్చు కొత్త సైటు కట్టే ఖర్చుకు దగ్గరగా పోతుంది. ఉచిత థీమ్‌లే వాడమని చెప్పండి, అయిదు పేజీలకు అవి సరిపోతాయి. ప్రీమియం కావాలంటే లైసెన్స్ కీ మీ పేరిట ఉండాలి, ఏడాది ఫీజును పైన చెప్పిన మూడేళ్ల లెక్కలో కలపాలి.

'అన్‌లిమిటెడ్' ఈమెయిల్‌ను నమ్ముకోకండి. ఒకే సర్వర్ మీద ఉన్న సైట్లలో ఏ ఒక్కటి హ్యాక్ అయి స్పామ్ పంపినా ఆ సర్వర్ ఐపీ చిరునామా (దాని నంబరు) బ్లాక్‌లిస్టులోకి పోతుంది, మీ కొటేషన్ మెయిల్ గిరాకీ స్పామ్ ఫోల్డర్లో పడుతుంది. ఇద్దరు ముగ్గురు సిబ్బంది ఉన్న షాపుకు జోహో మెయిల్ ఉచిత ప్లాన్ చాలు. డీఎన్‌ఎస్‌లో (డొమైన్ సెట్టింగుల్లో) మెయిల్ నిజంగా మీదేనని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ పెట్టించాలి. ఎంక్వయిరీ ఫారం కూడా ఎస్‌ఎమ్‌టీపీ ద్వారా, అంటే మీ మెయిల్ ఖాతాలో లాగినై వెళ్లాలి. లేదంటే 'మీ సందేశం అందింది' అని తెర మీద కనిపిస్తుంది, మెయిల్ మాత్రం ఎక్కడికీ రాదు. ఫారం నింపిన గిరాకీ జవాబు రాలేదని పక్క షాపుకు పోతాడు, మీకు తెలియను కూడా తెలియదు.

తెలుగు పేజీల గురించి ఏ కొటేషన్‌లోనూ ఒక్క ముక్క ఉండదు, ఖర్చు మాత్రం కచ్చితంగా వస్తుంది. మన దగ్గర కరపత్రాలు, శుభలేఖలు, బ్రోచర్లు కంపోజ్ చేసేది డీటీపీ సెంటర్లలో, చాలా చోట్ల ఇప్పటికీ అను ఫాంట్లతో. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లు, కంప్యూటర్లు చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు. ఆ ఫైల్లోంచి తెలుగు తీసి సైటులో అతికిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తులు, అరసున్నలు, అంకెలు చెదిరిపోతాయి, మనిషి కూర్చుని ప్రతి వరుసా సరిచూడాల్సిందే. కాబట్టి మ్యాటర్‌ను మొదటి నుంచే యూనికోడ్‌లో కొట్టించండి, ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్‌గా టైపు చేసి పంపినా చాలు. ఈ తిప్పలు పడలేక కొందరు డిజైనర్లు తెలుగు మొత్తాన్ని బొమ్మగా చేసి పెట్టేస్తారు. ఒప్పుకోవద్దు. బొమ్మలోని అక్షరాలను గూగుల్ వెతుకులాటలో నమ్ముకోలేం, చూపు తక్కువైన వాళ్లు పెద్దవి చేసుకుంటే మసకబారతాయి, రేటు ఒక్కటి మారినా బొమ్మ మొత్తం మళ్లీ చేయాలి. ఫాంట్లకు ఖర్చు లేదు. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, నోటో సాన్స్ తెలుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి శీర్షికకు, ఒకటి మ్యాటర్‌కు, రెండు దాటొద్దు. ఒత్తులు పై వరుసను తాకకుండా వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ పేజీకంటే ఎక్కువ పెట్టాలి. ఆర్డర్ మెసేజ్‌లు తెలుగు ఎస్‌ఎమ్‌ఎస్‌లో పంపాలనుకుంటే ఇంకో లెక్క ఉంది. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. గుణింతం గుర్తులు, పొల్లులు, ఖాళీలు కూడా ఆ 70లోనే లెక్క. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌తో అయ్యేది తెలుగులో రెండో మూడో అవుతుంది, బిల్లూ అంతే పెరుగుతుంది.

ఫొటోల విషయంలో ఒక్క మాట. ఫోన్‌తో తీసిన ఫొటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది. 1200 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫైలు రకంగా మారిస్తే 200 కేబీ లోపుకు వస్తుంది. ఈ పని చేయకుండా ముప్పై ఫొటోలు ఎక్కిస్తే పరకాల బస్సులో కూర్చుని చూసేవాడి ఫోన్‌లో పేజీ తెరుచుకోదు.

ఇదే ప్యాకేజీకి పదిహేను వేలు కలిపితే 'ఈ-కామర్స్ కూడా చేసిస్తాం' అనే మాట వస్తుంది. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆన్‌లైన్ దుకాణం నడిపే వూకామర్స్ ప్లగిన్ ఉచితమే, ఖర్చు దాని చుట్టూ ఉంటుంది. ఆన్‌లైన్‌లో సొమ్ము వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే సాధారణ రేటు 2 శాతం, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. రెండు వేల ఆర్డర్‌కు 47 రూపాయల 20 పైసలు పోతాయి. గేట్‌వే ఖాతా తెరవాలంటే సైటులో ప్రైవసీ, నిబంధనలు, రిఫండ్, డెలివరీ, చిరునామా పేజీలు ఉండాలి. అయిదు పేజీల ప్యాకేజీ అక్కడికే అయిపోతుంది, కాబట్టి వీటిని లెక్కలోంచి మినహాయించమని ముందే అడగండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ నంబరు సైటులో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. చిన్న షాపులో ఆ అధికారి యజమానే, రోజూ ఆ మెయిల్ తెరిచి చూసే బాధ్యత కూడా ఆయనదే.

అసలు దెబ్బ కొరియర్ దగ్గర తగులుతుంది. వరంగల్ దర్రీలకు (జంపఖానాలకు) 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, బయటి ఊళ్ల నుంచి అడిగేవాళ్లు ఉంటారు. కానీ కొరియర్ కంపెనీలు కాంటా బరువు ఒక్కటే చూడవు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి బిల్లు. 120 సెంటీమీటర్ల పొడవు, 15 బై 15 మందంతో చుట్టిన దర్రీ కాంటా మీద మూడు కిలోలు తూగినా బిల్లు 5.4 కిలోలకు పడుతుంది. సరుకును గట్టిగా మడిచి, గాలి లేకుండా కవర్లో నొక్కి ప్యాక్ చేస్తే ఈ తేడా బాగా తగ్గుతుంది. క్యాష్ ఆన్ డెలివరీలో తిరిగొచ్చిన సరుకుకు రానూపోనూ ఛార్జీ మీదే. ఎన్ని తిరిగొస్తాయో తెలిసేదాకా మొదటి ఆరు నెలలు ముందస్తు చెల్లింపు మాత్రమే పెట్టుకోవడం మంచిది. వాట్సాప్ బిజినెస్ కేటలాగ్‌లో పెట్టి, యూపీఐతో సొమ్ము తీసుకుని నెలకు ఇరవై ఆర్డర్లు దాటుతున్నప్పుడే ఆన్‌లైన్ దుకాణం మీద పెట్టుబడి పెట్టండి.

కోచింగ్ సెంటర్లకు ఈ ప్యాకేజీ ఒక షరతు మీద పనికొస్తుంది: వీడియోలు యూట్యూబ్‌లో, పీడీఎఫ్‌లు డ్రైవ్‌లో ఉండాలి. ఫలితాల రోజు వందల మంది ఒకేసారి వస్తే షేర్డ్ హోస్టింగ్‌లో (చాలా సైట్లు ఒకే సర్వర్‌ను పంచుకునేచోట) '508 రిసోర్స్ లిమిట్' అని తెర పడుతుంది. మేడారం జాతర రోజుల్లో గదులు ఇచ్చే లాడ్జీలకూ ఇదే ఇబ్బంది. పేజీల కాపీలు సిద్ధంగా ఉంచే క్యాషింగ్ ప్లగిన్ వేసి, రద్దీని తన సర్వర్ల మీద మోసే క్లౌడ్‌ఫ్లేర్ సేవ ఉచిత ప్లాన్ ముందు పెడితే చాలావరకు తట్టుకుంటుంది. ఇక టిఫిన్ సెంటర్‌కు, కిరాణానికి, టైలర్‌కు ఈ ప్యాకేజీ అక్కర్లేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. ఫొటోలు, పనివేళలు, ఫోన్ నంబరు, దారి అన్నీ అందులోనే పెట్టుకోవచ్చు.

మొత్తం మీద అయిదుకు మూడు మార్కులు ఇస్తాం. పని నాణ్యతకు కాదు తగ్గించింది, రాతకోతలు లేనందుకు. తీసుకునేవాళ్లు సొమ్ము మూడు విడతలుగా ఇవ్వండి: బయానా 40 శాతం, డెమో చూశాక 40, తాళాలన్నీ చేతికొచ్చాక 20. తాళాలంటే హోస్టింగ్ ప్యానెల్ లాగిన్, వర్డ్‌ప్రెస్‌లో ఎడిటర్ కాకుండా అడ్మినిస్ట్రేటర్ హోదా, సెర్చ్ కన్సోల్ (గూగుల్ వెతుకులాటలో సైటు తీరు చూపే ఉచిత సాధనం) యాజమాన్యం, ఫైళ్లు డేటాబేస్ కలిపిన పూర్తి బ్యాకప్. బ్యాకప్ అదే సర్వర్ మీద ఉంటే లెక్కలోకి రాదు, అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ ఉచిత ప్లగిన్‌తో మీ గూగుల్ డ్రైవ్‌లో పడేలా పెట్టించండి. ఒకసారి దాన్ని వేరే చోట తెరిపించి చూడండి, తెరుచుకోని బ్యాకప్‌లు చాలా ఉంటాయి.

బిల్లు దగ్గర ఇంకొకటి. జీఎస్టీ వేస్తున్నారంటే బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉండాలి, తెలంగాణ రిజిస్ట్రేషన్ అయితే అది 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే పేరు కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ లేని డిజైనర్‌కు 18 శాతం వసూలు చేసే హక్కు లేదు. మీ షాపు రెగ్యులర్ స్కీమ్‌లో ఉంటే ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) వెనక్కు వస్తుంది, మూడేళ్ల ఖర్చు 27,139 నుంచి 22,999కి దిగుతుంది. కాంపొజిషన్ స్కీమ్‌లో (టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.