సింగపూర్ రైల్ కారిడార్: రెండు ఇనుప వంతెనల మధ్య నడక

2011 జూన్ 30న ఆఖరి రైలు వెళ్లిపోయిన ఈ 24 కిలోమీటర్ల దారిలో ఒక్క ముక్కే నడవాలంటే బుకిట్ తిమా పాత రైల్వే స్టేషన్ నుంచి హిల్‌వ్యూ వైపు వెళ్లండి. సుమారు 4 కిలోమీటర్లు, తీరిగ్గా నడిస్తే గంటన్నర. కింగ్ ఆల్బర్ట్ పార్క్ మెట్రోలో దిగితే మొదటి వంతెన పక్కనే. రైలు నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి దారంతా దాదాపు చదునే. పెద్దవాళ్లూ హాయిగా నడవొచ్చు.

బాగుచేసి 2022లో తెరిచిన స్టేషన్ దగ్గర కొన్ని రైలు పట్టాలు అలాగే ఉంచారు. వంతెన మీద ఆగి చూడండి: దూలాలకు బొబ్బల్లా వరసగా రివెట్లు, కాళ్ల కింద రోడ్డు. ఎంత అందంగా కాపాడుకున్నారో!

లోటు నీడే. చాలాచోట్ల ఎండ నేరుగా తగులుతుంది, దారిలో నీళ్లు దొరకడం కష్టం. మనిషికి లీటరు సీసా, ఉదయం ఏడుకల్లా మొదలు. వాన పడితే గడ్డి అంచులు బురదవుతాయి, నున్నటి అడుగున్న చెప్పులు జారతాయి. ఉరిమితే వంతెన మీద నిలబడొద్దు. అడవి పక్కన కోతులుంటాయి. ప్లాస్టిక్ సంచి చేతిలో కనబడితే లాక్కుంటాయి, బ్యాగులో పెట్టేయండి. ఎడమవైపే నడవండి, వెనక నుంచి సైకిళ్లొస్తాయి.