కంపెనీ ఇచ్చే పళ్ల వైద్యం కవరేజీ వరంగల్‌లో ఎంతవరకు పనికొస్తుంది?

మడికొండ ఐటీ పార్కులో చేరినా, గీసుగొండ టెక్స్‌టైల్ పార్కులో చేరినా ‘మెడికల్ ఉంది’ అనే చెప్తారు. పళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ మెడికల్ ఈఎస్ఐనా (జీతంలో కోతతో నడిచే ప్రభుత్వ బీమా), గ్రూప్ పాలసీనా (ఉద్యోగులందరికీ కలిపి కంపెనీ తీసుకునే ఆరోగ్య బీమా), కంపెనీ తన జేబులోంచి ఇచ్చేదా అన్నది తేల్చుకోవాలి. ఒక్కోదాని మీద పెత్తనం ఒక్కొక్కరిది.

నెల జీతం 21,000 దాటని వాళ్లకు ఈఎస్ఐ. జీతంలో 0.75 శాతం ఉద్యోగిది, 3.25 శాతం యజమానిది. పన్ను పీకించుకోవడానికి, ఫిల్లింగ్‌కు మా ఓటు దీనికే, బిల్లుల తంటా ఉండదు. కానీ చందా చూసేది కేంద్రం కింద ఉండే ఈఎస్ఐ కార్పొరేషన్, ఇక్కడ డిస్పెన్సరీ నడిపేది రాష్ట్రం. జీతంలో కోత పడుతున్నా కార్డులో భార్యాపిల్లల పేర్లు ఎక్కకపోతే కార్పొరేషన్‌ను అడగాలి. డాక్టర్ లేరు, మందు లేదు అంటే రాష్ట్ర బీమా వైద్య సేవల శాఖను. ఈ తేడా తెలియక జనం రెండు ఆఫీసుల మధ్య నలిగిపోతున్నారు. ఈఎస్ఐ రిఫరల్ లెటర్ లేకుండా హన్మకొండ ప్రైవేటు క్లినిక్‌లో రూట్ కెనాల్ చేయించుకుంటే ఆ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు.

గ్రూప్ పాలసీకి తక్కువ మార్కులే. మామూలుగా ప్రమాదంలో పన్ను విరిగి ఆస్పత్రిలో చేరితే తప్ప పళ్ల వైద్యం అందులో రాదు. ‘డెంటల్ ఉంది’ అని హెచ్ఆర్ అంటే ఓపీడీ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) కిందనా, ఎంతవరకు, పన్ను మీద వేసే క్యాప్ కలుస్తుందా అని మెయిల్‌లో అడగండి. ‘డెంటల్ ట్రీట్‌మెంట్’ అని ఒకటే మొత్తం వేసిన బిల్లు దగ్గరే క్లెయిములు ఆగుతాయి. ‘పన్ను 36, రూట్ కెనాల్ ఇంత, క్యాప్ ఇంత’ అని విడివిడిగా రాయించండి (36 అనేది ఆ పన్నుకు డాక్టర్లు వాడే నంబరు). డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉండాలి. పనికి ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలు జత చేయాలి. క్యాప్ కవర్ కాకపోయినా, లెక్క విడిగా ఉంటే రూట్ కెనాల్ డబ్బు అడగడానికి ఆధారం ఉంటుంది.

తిరస్కరిస్తే ముందు బీమా కంపెనీకే రాతలో ఫిర్యాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగ్గా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఏడాది లోపు వెళ్లాలి. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

కంపెనీ తన జేబులోంచి ఇచ్చేది మాత్రం బీమా కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గానీ అంబుడ్స్‌మన్ గానీ అందులో వేలు పెట్టరు. హెచ్ఆర్ పాలసీ కాగితంలో ఏముందో అదే ఆధారం. ఉద్యోగం మారేటట్టుంటే చివరి పనిదినానికి ముందే బిల్లులు ఇచ్చి, అందినట్టు మెయిల్ తీసుకోండి.