టెంటర్డెన్‌లో 125 పౌండ్ల గది, జీరంగి రెక్కల గౌను

ముందు గది సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. కెంట్‌లోని టెంటర్డెన్‌లో ఒక్క రాత్రికి 125 పౌండ్లు కట్టాం, ముగ్గురికి, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి. తీరా వెళ్తే మూడో మంచం పేరుతో ఒక మడత కుర్చీ చూపించి, దానికి ఇంకో 20 పౌండ్లు అన్నారు. ఇద్దరు స్నానం చేసేసరికి వేడినీళ్ళు అయిపోయాయి. మూడోవాణ్ణి నేనే. మా అత్తయ్య మాంసం ముట్టదని ముందురోజే చెప్పాం. అయినా పొద్దున సాసేజ్‌తో ప్లేటు వచ్చింది. మళ్ళీ చెబితే లోపలికి తీసుకెళ్ళి, సాసేజ్ తీసేసి, అదే ప్లేటు తెచ్చిపెట్టారు. ఆవిడ ఏమీ అనకుండా సంచిలోంచి చేగోడీలు తీసుకున్నారు. మా ఆవిడ మాత్రం నావైపు ఒక చూపు చూసింది. నాటకాల పిచ్చితో ఇక్కడిదాకా లాక్కొచ్చింది నేనే మరి.

చూడాల్సింది రెండు మైళ్ళ దూరంలోని స్మాల్‌హైత్, నటి ఎలెన్ టెర్రీ ఇల్లు. టాక్సీకి 18 పౌండ్లు! ఇల్లు మాత్రం బంగారం. పదహారో శతాబ్దపు చెక్క ఇల్లు, నేల ఒకవైపు వాలి ఉంటుంది, పొడుగువాళ్ళకు తల జాగ్రత్త. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారట, ఇప్పుడు గొర్రెలు మేస్తున్నాయి. 1899లో కొన్న ఈ ఇంట్లోనే ఆమె 1928లో కన్నుమూసింది.

తొమ్మిదేళ్ళకే, 1856లో, షేక్‌స్పియర్ నాటకంలో మగపిల్లాడి వేషం. పదిహేడు నిండకముందే 46 ఏళ్ళ చిత్రకారుడు వాట్స్‌తో పెళ్ళి, ఏడాది తిరక్కుండా విడిపోవడం. తర్వాత ఆర్కిటెక్ట్ గాడ్విన్‌తో పెళ్ళి లేకుండానే ఇద్దరు పిల్లలు. 1878 నుంచి లండన్‌లోని లైసియం థియేటర్‌లో నటుడు హెన్రీ ఇర్వింగ్ సరసన ఇరవై ఏళ్ళకు పైగా రాణి. నేనిదంతా చెబుతుంటే "నాటకాలవాళ్ళ బతుకు ఎక్కడైనా అంతే బాబూ" అని అత్తయ్య ముందుకు నడిచారు.

అద్దాల వెనక, మసక వెలుతురులో ఉన్న గౌను ముందు ఆగిపోయారు. 1888లో లేడీ మాక్బెత్ వేషానికి కుట్టింది. ఆకుపచ్చగా తళతళలాడుతోంది.

"ఇవి జీరంగి రెక్కలు కదూ!"

నిజమే. ఆ పురుగు రెక్కలు సుమారు 1,000. అత్తయ్య కందుకూరు దగ్గర చిన్నప్పుడు అగ్గిపెట్టెలో జీరంగిని పెట్టి, తుమ్మాకు వేసి పెంచేవారట, గుడ్డు పెడితే అదో పండగట. అక్కడి వలంటీరు పెద్దావిడకు ఇదంతా నేను అనువాదం చేశాను. ఆవిడ కుర్చీ వేసి మరీ విన్నది. పొద్దున ప్లేటు పెట్టినవాళ్ళదీ ఇదే ఊరంటే నమ్మబుద్ధి కాలేదు.

వెళ్ళేవాళ్ళకు నా మాట: టెంటర్డెన్‌లో రాత్రి ఉండొద్దు. సెయింట్ పాంక్రాస్ నుంచి ఆష్‌ఫర్డ్‌కు స్పీడ్ రైలు నలభై నిమిషాల లోపే, అక్కడి నుంచి బస్సు. ఇల్లు ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, తేదీలు చూసుకోండి. లండన్‌లో టేట్ బ్రిటన్‌కూ వెళ్ళండి, ప్రవేశం ఉచితం. ఇదే గౌనులో, కిరీటం తలమీదికి ఎత్తుకుంటూ ఎలెన్ టెర్రీ ఉన్న బొమ్మ అక్కడిదే, చిత్రకారుడు సార్జెంట్ వేశాడు. చిత్రమేమిటంటే నాటకంలో ఆ ఘట్టమే లేదు.

తిరుగుప్రయాణంలో అత్తయ్య ఆ గౌను ఫొటో కందుకూరులోని చెల్లెలికి పంపారు. వెంటనే ఫోన్. "అన్ని జీరంగుల్ని ఎవరు పట్టారే అక్కా?"