కిట్ కారు కట్టాక తేలిన లెక్క: ఏ పనిముట్టు పనికొచ్చింది, ఏది దండగ

మా గరాజు గోడకు ఇప్పటికీ ఒక లిస్టు అంటించి ఉంది. 2020 అక్టోబరులో రాసుకున్నది. కిట్ కారు కట్టడానికి కావాల్సిన పనిముట్లు, మొత్తం నలభై రెండు. అన్నీ కొన్నాను. వాటిలో పదకొండింటికి ఇప్పటిదాకా డబ్బా మూత కూడా తీయలేదు. కారు 2023 జూలై నుంచి రోడ్డు మీద తిరుగుతోంది. ఇప్పుడైనా ఆ లిస్టుకి లెక్క చెప్పాలి కదా.

నేనుండేది ఇంగ్లండులో, కోవెంట్రీలో. ఇక్కడ కారుని విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లో బిగించుకోవచ్చు. ప్రభుత్వం పెట్టే ఐవీఏ పరీక్ష నెగ్గితే నంబరు ప్లేటు ఇస్తారు. ఇది కొత్త పిచ్చేమీ కాదు. 1957లో లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు వచ్చిన రోజుల్లో, కిట్‌గా కొంటే పర్చేజ్ ట్యాక్స్ పడేది కాదు. 1973లో వ్యాట్ వచ్చి ఆ లాభం పోయింది, పిచ్చి మాత్రం మిగిలింది. నాది 1996 నాటి మాజ్దా ఎంఎక్స్-5ని విప్పి, దాని ఇంజను, గేరుబాక్సు, సస్పెన్షన్, బ్రేకులు కొత్త గొట్టాల ఛాసీకి మార్చే రకం కిట్.

కట్టడం అంటే బిగించడం అనుకుని దిగాను. మొదటి నాలుగు నెలలూ విప్పడమే సరిపోయింది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మంచు గడ్డకట్టకుండా. ఇరవై నాలుగేళ్లు ఆ ఉప్పు తిన్న కారు అడుగు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ కారులో వెనక చక్రాలను పట్టి ఉంచే ఇనప చేతులు, అంటే విష్‌బోన్‌ల పొడవాటి బోల్టులు కీళ్లలో ఉండే రబ్బరు తొడుగు (బుష్) లోపలి ఇనప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతాయి. నట్టు ఊడుతుంది, బోల్టు కదలదు. రెండడుగుల పొడవాటి పిడి (బ్రేకర్ బార్) వేసి వేలాడితే బోల్టు తల తెగింది.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల కింద పడుకుని పని చేసిన మనిషి. వీడియో కాల్‌లో చూసి, "ఒరేయ్, పానాతో కుస్తీ ఎందుకురా, ముందు వేడి చెయ్యి" అన్నారు. చేశాను. బోల్టు కదల్లేదు గానీ రబ్బరు బుష్ అంటుకుంది. లిస్టులో లేని నలభై మూడో వస్తువు, మంటలార్పే సిలిండర్, మర్నాడే కొన్నాను. నాన్న సలహా తప్పని కాదు, రబ్బరు లేని చోట ప్రతిసారీ పనిచేసింది. ఆ బోల్టుల సంగతి చివరికి ముందుకీ వెనక్కీ ఆడే కరెంటు రంపం తేల్చింది. బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సందులో లోహం కోసే బ్లేడు దూర్చి కోసేయడమే. బోల్టుకి రెండు బ్లేడ్ల చొప్పున అరిగాయి. పాత కారు విప్పాల్సిన కిట్ అయితే అందరికంటే ముందు కొనాల్సింది ఈ రంపమే.

దెబ్బలు కొడుతూ నట్లు తిప్పే బ్యాటరీ ఇంపాక్ట్ గన్ కూడా విప్పేటప్పుడు దేవుడే. కానీ బిగించేటప్పుడు దాన్ని ఇంకో గదిలో పెట్టి తాళం వేయండి. స్టెయిన్‌లెస్ బోల్టుకి నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవకుండా పట్టుకునేది) వేసి గన్‌తో ఝుమ్మని తిప్పితే, ఆ వేడికి రెండూ అతుక్కుపోతాయి. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. నాకు నాలుగు అలా పోయాయి, నాలుగూ కోయాల్సి వచ్చింది.

పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించి అతికించే పూత) చేసిన కొత్త ఛాసీ నిగనిగలాడుతూ వస్తుంది. ఆ రంగు ప్రతి బెజ్జంలోనూ, ప్రతి మరలోనూ నిండి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. 6, 8, 10 మిల్లీమీటర్ల మరలు కోసే ట్యాప్‌లు మూడు కొని, ఒక వారాంతమంతా మరలు శుభ్రం చేశాను. ఆ పని చేయకుండా బోల్టు దూర్చి బలవంతం చేస్తే మర పాడవుతుంది. ఇంకో తిరకాసు ఉంది. జపాన్ కార్లలో 10 మి.మీ. బోల్టు పిచ్ (పక్కపక్క మర చుట్ల మధ్య దూరం) 1.25, నా కిట్‌తో వచ్చినవి 1.5. చూపుకి రెండూ కవలపిల్లలు. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు హాయిగా ఎక్కి, తర్వాత బిగుసుకుంటుంది. "కొంచెం టైటుగా ఉందిలే" అని పానా వేశామా, రెండూ పోయినట్టే. ఆ దూరం కొలిచే ఐదు పౌండ్ల థ్రెడ్ గేజ్ ఈ గొడవంతా తప్పిస్తుంది. నేను దాన్ని రెండు బోల్టులు నాశనం చేశాక కొన్నాను. అలాగే ఎంఎక్స్-5 మీదున్న ప్లస్ స్క్రూలు జపాన్ కొలతవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ జారి తల గుల్ల చేస్తుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొంటే చాలు.

ఇక బ్రేకు పైపులు. ఇక్కడే నాకు బుద్ధి వచ్చింది. పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ రాగి-నికెల్ పైపు మనమే వంచి, చివరలు ఫ్లేర్ చేసుకోవాలి, అంటే గరాటులా వెడల్పు చేసుకోవాలి. పద్దెనిమిది పౌండ్లకి వరస బెజ్జాల క్లాంపు సెట్టు ఒకటి కొన్నాను. అది పైపుని పట్టుకున్నట్టే పట్టుకుని జారుతుంది, పైపు మీద గాట్లు పెడుతుంది, ఫ్లేర్ ఒక పక్కకి ఒరుగుతుంది. కంటికి మాత్రం బాగానే కనిపిస్తుంది. ద్రవం పోసి పెడల్ తొక్కి, రాత్రి పడుకుని, పొద్దున చూస్తే మూడు చోట్ల చెమర్చింది. బ్రేకు ద్రవం రంగుని తినేస్తుంది కాబట్టి ఛాసీ మీద మరకలు కూడా మిగిలాయి. అన్నీ పీకేశాను. వైస్‌లో బిగించి లివరు లాగే రకం ఫ్లేరింగ్ టూల్ నూట పది పౌండ్లు పెట్టి కొన్నాను. పదహారు ఫ్లేర్లు చేశాను, ఈ రోజు వరకు ఒక్కటీ కారలేదు. అయితే పైపుని బిగించే యూనియన్ నట్టు పైపుకి ఎక్కించకుండానే ఫ్లేర్ చేసేసి తల పట్టుకోవడం ఎంత మంచి టూల్‌తోనైనా తప్పదు. నాకు మూడుసార్లు జరిగింది.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. తప్పు జరిగితే కంటికి కనబడే పనులకు చవక పనిముట్టు చాలు. కంటికి కనబడని తప్పులున్న చోటే డబ్బు పెట్టాలి: ఫ్లేరింగ్, టార్క్ రెంచి (ఎంత బిగువు కావాలో అంకె పెట్టుకుంటే అక్కడికి రాగానే 'టక్' అనే పానా), వైర్ల క్రింపింగ్ (వైరు చివర లోహపు కొనను నొక్కి బిగించడం). సుత్తులు, ఆకురాళ్లు, పట్టకార్లు, రింగు పానాలు నేను సూపర్‌మార్కెట్ సేల్‌లో కొన్నవే, ఇంకా దర్జాగా పని చేస్తున్నాయి.

టార్క్ రెంచిలు రెండు ఉండాలి. ఒక్క పెద్దది సరిపోతుందని అనుకోవద్దు. నా పెద్దది 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల (బిగువు కొలత) వరకు వెళ్తుంది, చక్రాల నట్లకి సరిగ్గా సరిపోతుంది (ఈ కారుకి 88 నుంచి 118 మధ్య బిగించాలి). చిన్నది 5 నుంచి 25 వరకు. పెద్దదాంతో చిన్న బోల్టు బిగిస్తే 'టక్' అనే లోపే బోల్టు సాగిపోతుంది. పని అయ్యాక స్ప్రింగు మీద బరువు లేకుండా అన్నిటికంటే చిన్న అంకెకి తిప్పి పెట్టాలి. దాంతో పాటు రెండు పౌండ్ల పెయింటు మార్కరు. బిగించిన ప్రతి నట్టు మీదా పసుపు గీత గీశాను. వారానికి రెండు సాయంత్రాలు పని చేసేవాడికి, పోయిన మంగళవారం ఏది బిగించాడో గుర్తుండదు. గీత లేదంటే బిగించలేదన్నమాట. ధరకీ ఉపయోగానికీ పోల్చి చూస్తే గరాజు మొత్తంలో దీనికే పూర్తి మార్కులు.

అల్యూమినియం రేకులు ఛాసీకి రివెట్లతో కొట్టాలి, నా లెక్కలో నాలుగు వందల పైచిలుకు. చేత్తో నొక్కే రివెట్ గన్‌తో ఒక పక్క పూర్తయ్యేసరికి అన్నం కలుపుకోలేకపోయాను. మా ఆవిడ నవ్వి స్పూను ఇచ్చింది. పొడుగు చేతుల రివెటర్ కొన్నాక అదే పని పిల్లలాటలా అయింది. అంతకంటే ముఖ్యం క్లెకో పిన్నులు. విమానాల రేకులు కూర్చేవాళ్లు వాడే స్ప్రింగు పిన్నులవి. బెజ్జంలో గుచ్చితే రేకుని తాత్కాలికంగా పట్టి ఉంచుతాయి, కావాలంటే పీకేయొచ్చు. ఇరవై కొన్నాను, తర్వాత ఇంకో నలభై. రేకు పెట్టి, తీసి, అంచు గీకి, మళ్లీ పెట్టి... ఒక్కో రేకుని ఏడెనిమిదిసార్లు ఎక్కించి దించాను. పిన్నులు లేకపోతే ఆ ఓపిక నాకు లేదు.

కరెంటు కొలిచే మల్టీమీటరు గురించి ఒక్క మాట. హెడ్‌లైట్లు వెలగక రెండు వారాలు వైరింగ్ అంతా తిప్పి చూశాను. కరెంటుని ఛాసీ దారిన వెనక్కి పంపే ఎర్త్ వైరు, కరెంటు పారనివ్వని పౌడర్ కోటింగ్ మీద బిగించి ఉంది. రంగు గీకి ఇనుము తేలేలా చేస్తే వెలిగాయి. మీటరు అప్పటికే డబ్బాలో ఉంది, బయటకు తీయాలన్న ఆలోచనే రాలేదు.

దండగ ఖర్చుల్లో మొదటిది ఇంజను ఎత్తే క్రేన్. నా రకం కిట్‌లో ఇంజను, గేరుబాక్సు, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ ఒకే వరసలో కింద ఉండిపోతాయి, పైనున్న బాడీని ఎత్తి పక్కన పెట్టాలి. దానికి క్రేన్ కాదు, ఆరుగురు మనుషులు కావాలి. ఒక శనివారం ఐదుగురు స్నేహితులు వచ్చారు, పులిహోర తిన్నారు, పది నిమిషాల్లో ఎత్తేశారు. మడత పెట్టినా ఆ క్రేన్ మా గరాజులో సైకిళ్ల చోటంతా ఆక్రమించింది. పైకెత్తిన కారుని మోసే యాక్సిల్ స్టాండ్లు మాత్రం నాలుగు కాదు, ఆరు కొనండి. ఒట్టి జాకీ మీద ఉన్న కారు కిందకి తల పెట్టొద్దు, ఒక్క నిమిషానికి కూడా.

ఐవీఏ పరీక్షలో మొదటిసారి తప్పాను. బయటికి పొడుచుకొచ్చే అంచులు కనీసం 2.5 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలి. 100 మి.మీ. గోళం తగిలే ప్రతి చోటా చూస్తారు. అద్దం బ్రాకెట్ అంచు ఒకటి నా కళ్లబడలేదు, పరీక్ష చేసే అధికారి వేలికి తగిలింది. ఇంటికొచ్చి మా పాప బొమ్మల్లో సరిగ్గా ఆ సైజు బంతి వెతికి, కారంతా దొర్లించాను. ఇంకో రెండు చోట్లు దొరికాయి. ఆకురాయితో గంట పని, బోల్టు తలలకి ప్లాస్టిక్ టోపీలు. రెండోసారి పాసయ్యాను.

క్రేన్‌ని పోయిన నెల అమ్మేశాను. కొన్నాయన కూడా ఎంఎక్స్-5 కిట్టే మొదలుపెడుతున్నాడట. ఆరుగురు స్నేహితులుంటే ఇది అక్కర్లేదని చెప్పాను. ఈ ఊరికి కొత్త అన్నాడు. సరే, బాడీ ఎత్తే రోజున ఫోన్ చెయ్యమని నంబరిచ్చాను. బంతి మాత్రం పాప వెనక్కి తీసేసుకుంది.