క్రయానిక్స్ సర్వీసు: దాచడం వరకు సరే, లేపడం సంగతేంటి?

క్రయానిక్స్ అంటే చనిపోయినవాళ్లను ఎప్పటికైనా లేపొచ్చనే ఆశతో అతి చల్లగా దాచిపెట్టడం. పశువులకు ఇంజెక్షన్‌తో చూడి కట్టించే గోపాలమిత్ర మోసుకొచ్చే నైట్రోజన్ క్యాన్ చూసినవాళ్లకు ఈ సర్వీసు సగం అర్థమైనట్టే. మైనస్ 196 డిగ్రీల్లో ఉన్న వీర్యం స్ట్రాను గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ముంచితే కణాలు కదులుతాయి, బర్రె చూడి కడుతుంది. కాకపోతే ఆ స్ట్రాలో పట్టేది పావు మిల్లీలీటరు. మనిషి మెదడేమో కిలోన్నరకు కాస్త తక్కువ. చిక్కంతా అక్కడే.

అమెరికాలో అరిజోనాలోని ఆల్కార్ అనే సంస్థ మొత్తం శరీరానికి 2,20,000 డాలర్లు, తల ఒక్కదానికి 80,000 తీసుకుంటుంది. మిషిగన్‌లోని క్రయానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో 28,000 నుంచి మొదలు, అంటే మన రూపాయల్లో దాదాపు పాతిక లక్షలు. మంచం పక్కన టీమ్ కాపలా, రవాణా అందులో కలవవు.

డాక్టర్ మరణం ధ్రువీకరించగానే ఐస్ నీళ్లలో పెట్టి, మెషీన్‌తో ఛాతీ నొక్కుతూ, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. తర్వాత రక్తం తీసేసి, గడ్డకట్టని ద్రావణం ఎక్కిస్తారు. అది సరిగ్గా పాకితే కణజాలం మంచు కాకుండా గాజులా బిగుస్తుంది. పాకనిచోట మంచు పలుకులు కణాల్ని చీల్చేస్తాయి. బాగా పాకినా, ఇంకా చల్లబరిచేటప్పుడు పగుళ్లు వస్తాయి.

నిల్వకు మంచి మార్కులే వేయాలి. ట్యాంకుకు కరెంటు అక్కర్లేదు, నైట్రోజన్ తగ్గకుండా పోస్తే చాలు. తల కిందికి పెడతారు, నైట్రోజన్ తగ్గినా తల ఆఖర్న కరుగుతుందని. 1967లో దాచిన జేమ్స్ బెడ్‌ఫోర్డ్ శరీరం ఇంకా ట్యాంకులోనే ఉంది. అదే కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్‌లో మాత్రం బంధువుల డబ్బులు ఆగిపోయి శవాలు కరిగిపోయాయి, 1979లో బయటపడింది. అందుకే ఇప్పుడు సొమ్ముకు ముందే ఏర్పాటు చేయించుకుంటారు.

మనిషిని లేపడంలో ఇప్పటిదాకా సున్నా. గాజుగా మార్చి, మళ్లీ వేడిచేసి అమర్చిన మూత్రపిండంతో ఒక కుందేలు 48 రోజులు బతికింది. 2023లో మిన్నెసోటాలో ఎలుకల మూత్రపిండాల్ని ఐరన్ ఆక్సైడ్ నానోకణాలతో (కంటికి కనబడనంత చిన్న రేణువులు) లోపలినుంచే సమంగా వేడిచేసి తిరిగి అమర్చారు. ఆ కణాల్ని చల్లబరచకముందే ఎక్కించాలి. ట్యాంకుల్లో ఏళ్లుగా ఉన్నవాళ్ల రక్తనాళాల్లో అవెక్కడివి? పైగా మూత్రపిండం వడపోస్తే చాలు. మెదడులో జ్ఞాపకం కూడా మిగలాలి.

నల్గొండ, పాలమూరు నుంచి పంపడం దాదాపు దండగ. చావింట్లో అద్దెకు తెచ్చే ఫ్రీజర్ బాక్స్ కుళ్లును ఆలస్యం చేస్తుందే తప్ప మెదడును కాపాడదు. విమానం ఎక్కించాలంటే ఎంబామింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. ఎంబామింగ్‌లో వాడే ఫార్మలిన్ ఎక్కాక ద్రావణం సరిగా పాకదు. పోలీసు కేసైతే పోస్టుమార్టం ఎలాగూ తప్పదు.

అయినా చేరతామంటే, జబ్బు ముదరకముందే వీసా తీసుకుని ఆల్కార్ ఉన్న స్కాట్స్‌డేల్‌కు మకాం మార్చాలి. ఎండ మాత్రం మిర్యాలగూడ మే నెలకు తీసిపోదు.