పన్నా, సుంకమా, శిస్తా: ఎక్కడ ఏ మాట మేలు?

2025 ఆగస్టు చివర్లో మా వైజాగ్ ఫిషింగ్ హార్బర్ దగ్గర టీ తాగుతుంటే ఒకాయన, "అమెరికావోడు మన రొయ్యల మీద పన్ను ఏసీసాడ్రా" అన్నాడు. పక్కనున్నాయన "పన్ను కాదు బావా, సుంకం" అని సరిదిద్దాడు. ఆ దిద్దుబాటు నాకు భలే నచ్చింది. ఆ నెల 27 నుంచి అమెరికాలో మన చాలా సరుకుల మీద 50 శాతానికి చేరినది సుంకమే.

సుంకం సంస్కృత 'శుల్కం'కి తద్భవం. తమిళులకు 'సుంగం', కన్నడిగులకు 'సుంక'. సరుకు ఎల్లలు దాటినప్పుడు, రేవులో దిగినప్పుడు కట్టేది. మన ఊరికి ఈ మాటతో పాత చుట్టరికమే ఉంది. పాత శాసనాల్లో విశాఖకు కులోత్తుంగచోళపట్టణం అనే పేరు కనిపిస్తుంది. ఆ మొదటి కులోత్తుంగ చోళుడి బిరుదు 'సుంగం తవిర్త్త చోళన్', అంటే సుంకం ఎత్తేసిన చోళుడు. రేవు పట్నానికి ఇంతకంటే మంచి పేరు ఏముంటుంది!

పన్ను అచ్చ తెలుగు మాట. నోట్లో పన్నూ ఇదీ ఒకేలా పలికినా బహువచనంలో విడిపోతాయి. అవి పళ్ళు, ఇవి పన్నులు. 'పళ్ళు కట్టాను' అంటే డెంటిస్టు గుర్తొస్తాడు గానీ మున్సిపాలిటీ కాదు. ఆరు నెలలకోసారి కార్పొరేషన్‌కి కట్టే ఇంటి పన్ను, జీతంలో కోసే ఆదాయపు పన్ను, 2017 జులై 1 నుంచి వస్తు సేవల పన్ను... అన్నిటికీ ఇదే సరిపోతుంది. అందరి నోటా ఆడే మాట కాబట్టి మొత్తంమీద నా ఓటు దీనికే.

పొలం సంగతి వేరు. అక్కడ శిస్తు. ఇది ఉర్దూ దారిన వచ్చిన మాట. మా తాత సంచిలోంచి రసీదు తీసి మడతలు విప్పుతూ "శిస్తు కట్టీసేను" అనేవాడు. ఆ గొంతులో ధీమా ఉండేది, భూమి నాదే అన్నట్టు. 'భూమి పన్ను' అంటే ఆ ధీమా రాదు.

శిస్తును కప్పంతో మాత్రం కలపకూడదు. రైతు జమీందారుకిచ్చేది శిస్తు, జమీందారు పైవాడికిచ్చేది కప్పం. పారసీలో దాన్నే పేష్కష్ అన్నారు. ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన ఆ పేష్కష్ బకాయిల తగువు ముదిరి 1794 జులై 10న మన పద్మనాభం దగ్గర యుద్ధమైంది. విజయనగరం రాజు చిన విజయరామరాజు అందులోనే చనిపోయాడు. 1802లో శాశ్వత నిర్ణయం (పర్మనెంట్ సెటిల్‌మెంట్) వచ్చాకే జమీందారు ఏటా ఎంత కట్టాలో ఖాయమైంది. ఈ కథను 'పన్ను కట్టనందుకు యుద్ధం' అని రాస్తే ఎవరు ఎవరికి బాకీయో తెలియదు.

ఇక ఊళ్ళో సాగునీటికి మా వాళ్ళు ఇప్పటికీ నీటి తీరువా అనే అంటారు. ఆ మాటనైతే నేను మార్చను.